తట్టెడు చౌడు

చినమల్లవరంలో ఎవరిని అడిగినా అంబలి మిద్దెకు దారి చూపిస్తారు. గురజాల దాటి, నాపరాళ్ళ క్వారీల తెల్ల దుమ్ము దాటి ఊళ్ళోకి అడుగుపెడితే మొదట కంటబడేది అదే. గోడ మందంలో మనిషి కాళ్ళు ముడుచుకుని హాయిగా కూర్చోవచ్చు. లోపల ఊరంతా పట్టేంత సావడి, దాని మీద టేకు దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద నాపరాళ్ళు, రాళ్ళ మీద మన్ను. దారి చూపించి ఊరుకుంటారా, కథ కూడా చెబుతారు. ఎప్పుడో ముత్తాతల ముత్తాతల నాటి కరువులో జనం ఆకులూ దుంపలూ తిని పడిపోతుంటే ఆ ఇంటి అచ్చమ్మగారు పాతర తవ్వించి, జొన్నలు పైకి తీయించి, పెద్ద గంగాళాల్లో అంబలి కాచి ఊరందరికీ పోసిందట. ఇవాళ ఊళ్ళో తిరుగుతున్నవాళ్ళంతా ఆ అంబలి తాగి బతికినవాళ్ళ సంతానమేనని చెప్పుకుంటారు.

ఆ రుణం తీర్చుకోవడానికి ఊరు ఒక ఆచారం పెట్టుకుంది. ఏటా మృగశిర కార్తెలో తొలివాన పడకముందే ఇంటికొక తట్ట చొప్పున చౌడు మన్ను ఎత్తుకొచ్చి ఆ మిద్దె మీద పోస్తారు. నీళ్ళు దిగనివ్వని ఉప్పు మన్ను అది, మట్టి మిద్దెలకు అదే గొడుగు. మామూలు మిద్దెలకైతే కొత్త చౌడు పోసేముందు పాతది చెక్కి కిందికి తోసేస్తారు. అంబలి మిద్దె మీద మాత్రం ఏనాడూ ఎవరూ పార ఆనించలేదు. భక్తితో పోసిన మన్నును తోసేదెవరు? ఎవరి తాత పోసిన దాన్ని ఎవరు తోస్తారు? ఊరు పెరిగింది, ఇళ్ళు పెరిగాయి, తట్టలూ పెరిగాయి. హైదరాబాదులో ఉన్నవాళ్ళు సైతం ఫోన్ చేసి మా పేరున ఒక తట్ట పోయించండి అంటారు, పోస్తుంటే వీడియో తీసి పంపమంటారు. అక్కడ కూర్చుని పుణ్యం ఇక్కడ మూట కట్టుకునే తెలివి మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఊరి వెలుపల ఉన్న పాలెంలో ఈ కథనే ఇంకో రకంగా చెబుతారు. అచ్చమ్మగారు అంబలి పోసిన మాట నిజమే, పాలెం వాళ్ళకూ పోసింది. అయితే లోపలికి రానివ్వలేదు. పెరటి గోడలో తూము ఒకటి ఉంది. లోపలి నుంచి అందులో పోస్తే బయట నిలబడ్డవాళ్ళు దోసిళ్ళు పట్టి తాగారట. అంబలి ఒకటే, దారి వేరు. చౌడు విషయంలోనూ అంతే జరిగింది. మన్ను తవ్వేది పాలెం, మోసుకొచ్చేది పాలెం, గోడ దగ్గర దించాక పైకెత్తి మొక్కు తీర్చుకునేది ఊరు.

ఆ పద్ధతిని మార్చింది యోహాను. నలభై ఏళ్ళ కిందట ఒక మృగశిరలో దించమన్న చోట తట్ట దించకుండా నెత్తిన పెట్టుకునే నిచ్చెన ఎక్కేశాడు. ఆ తరువాత తలలు పగిలాయి, పోలీసులు బడిలో మకాం వేశారు, చాన్నాళ్ళు ఊరికీ పాలేనికీ మాటల్లేవు. చివరికి పెద్దలు కూర్చుని, పాలెం కూడా పోయొచ్చు, అందరి తరువాత పోయాలి అని తేల్చారు. అంతకుముందు పాలెం వాళ్ళను పిలవడానికి ఊళ్ళో ఒక మాట వాడేవాళ్ళు. ఇక ఆ మాట నోట రానివ్వమని కూడా అప్పుడే ప్రమాణం చేశారు. చెప్పుకోవాల్సిందే, ఆ ప్రమాణం నిలబడింది.

యోహాను కొడుకు శౌరి. ఊరి హైస్కూల్లో సోషల్ చెబుతాడు. ఊళ్ళో అందరికన్నా ఆ ఇంటిని ఎక్కువగా ప్రేమించింది ఈ శౌరే అంటే మీకు వింతగా ఉంటుంది. పిల్లలను తీసుకెళ్ళి దూలాలు చూపిస్తాడు, పాతర చూపిస్తాడు, ఆ తూమూ చూపిస్తాడు. ఉన్నదున్నట్టు రెండు కథలూ చెబుతాడు. ఇలాంటి ఇల్లు జిల్లాలో ఇంకోటి లేదు, దీన్ని సర్కారు కాపాడాలి అని రెండేళ్ళుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఇంటి యజమాని లక్ష్మీనారాయణ నరసరావుపేటలో మిర్చి వ్యాపారం చేసుకుంటూ, తాళంచెవి శౌరికే అప్పగించాడు. ఇద్దరూ ఒక బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. ఈ ఇల్లు ఊరినీ పాలేన్నీ ఒక చోట కూర్చోబెట్టిన ఇల్లనీ, ఇది నిలబడినన్నాళ్ళూ ఆ ప్రమాణమూ నిలబడుతుందనీ శౌరి నమ్మకం.

ఈ ఏడాది మే నెలలో శౌరి తాళం తీసి తోస్తే తలుపు కదల్లేదు. భుజం ఆనించి తోశాడు. గుమ్మం పైన అడ్డంగా ఉన్న కమ్మీ కిందికి వంగి తలుపును నొక్కి పట్టింది. ఎలాగో లోపలికి వెళితే సావడి నేల మీద సన్నటి మట్టి గీత. తల ఎత్తాడు. సరిగ్గా ఆ గీతకు పైన నడిమి దూలం, దాని కడుపులో నిలువునా పగులు. ఆ పగులులో నాలుగు వేళ్ళు పడతాయి. అతను చూస్తుండగానే ఇంకాస్త మన్ను రాలింది.

గబగబా మిద్దె ఎక్కాడు. చిన్నప్పుడు తను పట్టుకుని తొంగిచూసిన పిట్టగోడ అప్పట్లో గుండెల దాకా వచ్చేది. రెండుసార్లు ఇటుకలు పేర్చి ఎత్తు చేసినా ఇప్పుడది మోకాలిని మించడం లేదు. గోడ కుంగలేదు, మన్ను పెరిగింది. వాననీళ్ళు పోయే తూములు ఏనాడో ఆ మన్ను కింద పడిపోయాయి. ఏళ్ళ తరబడి ఊరు ఊరంతా ఆ ఇంటి నెత్తిన తన కృతజ్ఞతను తట్టలతో గుమ్మరిస్తూ వచ్చింది. ఆ బరువుకు ఇల్లు చచ్చిపోతోంది.  శౌరి అక్కడే మన్ను మీద చతికిలబడ్డాడు.

కబురందుకుని లక్ష్మీనారాయణ మర్నాడే కారేసుకుని వచ్చాడు. దూలం కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు. మన్ను తీసేస్తే బరువు తగ్గుతుంది, ఈ ఏడు తట్టలు ఆపేద్దామని శౌరి అన్నాడు. లక్ష్మీనారాయణ నవ్వబోయి మానేశాడు.

“ఆపమని ఎవరు చెప్పాలి? నేను చెప్తే మీవాళ్ళేమంటారో నీకు తెలవదా శౌరీ? అందరికన్నా చివర పోసేది మీరు. మిద్దె మీద అన్నిటికన్నా పైన ఉండేది మీ మన్నే. పార పెడితే ముందు కిందపడేది అదే. పాలెం మన్ను తోయించాడు లక్ష్మీనారాయణ అంటారు. నా వల్ల కాదయ్యా.”

మరి నువ్వు చెప్పు అన్నాడు.  తండ్రి తల పగలగొట్టించుకుని సంపాదించిన హక్కును కొడుకే వద్దంటే పాలెం ఊరుకుంటుందా? మాస్టారు అమ్ముడుపోయాడని ముందు అనేది శౌరి అన్న కొడుకు ప్రభు. నలభై ఏళ్ళ కిందట ఊరు పాలేనికి ఇచ్చింది చివరి వరస. ఆ చివరి వరసే ఇప్పుడు ఇద్దరి నోళ్ళూ కట్టేసింది. సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఇద్దరికీ ప్రమాదం కళ్ళముందు కనిపిస్తూనే ఉంది. అయినా ఎదుటివాడు నోరు తెరిస్తే బాగుండునని ఇద్దరూ నేల చూపులు చూశారు.

ఈ ఒక్క ఏడు గడిచిపోనీ అనుకున్నారు. చౌడు పండగయ్యాక తెలిసిన ఇంజనీరును పిలిపించి అతని నోటితో చెప్పిద్దాం, అప్పుడు తప్పు ఎవరి మీదా పడదు. ఈలోగా దూలం కింద ఆసరాగా సర్వి కర్రల బాదులు పాతించారు. జనం చూస్తే ఏమిటివి అని అడుగుతారు కాబట్టి వాటికి రంగు కాగితాలు అంటించి, బంతిపూల దండలు చుట్టించారు. పందిరి గుంజలనుకుని అందరూ ముచ్చటపడ్డారు.

ఇంట్లో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఈసారి తాతయ్య తట్ట నేనే ఎత్తుతానని శౌరి కూతురు కీర్తన పట్టుబట్టింది. నరసరావుపేటలో డిగ్రీ చదువుతోంది, ఆడపిల్ల మిద్దె ఎక్కడం అదే మొదటిసారి. పాలెమంతా సంబరపడింది. శౌరి వద్దన్నాడు. ఎందుకంటే చెప్పలేకపోయాడు.

“తాతయ్య ఎక్కితే ఊరోళ్ళు వద్దన్నారు. నేనెక్కుతానంటే నువ్వొద్దంటున్నావా నాన్నా?” అంది కీర్తన. ఆ పిల్ల ముఖం చూసి శౌరి సరేనన్నాడు.

మృగశిర వచ్చింది. ఆదివారం చర్చిలో పూజ ముగిశాక పాలెం డప్పులతో బయలుదేరింది. అప్పటికే ఊరి తట్టలు పైకి వెళుతున్నాయి. శౌరి మిద్దె ఎక్కలేదు. సావడిలో ఒక బాదును పట్టుకుని ఒంటరిగా నిలబడ్డాడు. పైన అడుగులు పడుతున్నాయి, తట్టలు బోర్లిస్తున్నారు, ప్రతి తట్టకూ ఆ కర్ర అతని అరచేతిలో సన్నగా అదురుతోంది. చివర డప్పు జోరందుకుంది, కేకలూ ఈలలూ వినిపించాయి. తన కూతురి పాదాలు తన నెత్తి మీద నడుస్తున్నాయని అతనికి తెలిసింది. చిన్నప్పుడు నేర్చుకున్న జపమే ఎక్కడో మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

ఏమీ కాలేదు. అందరూ దిగారు. కీర్తన మొహమంతా మట్టి, మట్టి నిండా నవ్వు. లక్ష్మీనారాయణ దూరం నుంచి శౌరిని చూసి గండం గడిచిందన్నట్టు తల పంకించాడు. శౌరికి అంత తెరిపి ఏనాడూ కలగలేదు. అనవసరంగా హడలిపోయామని తనను తానే తిట్టుకున్నాడు కూడా.

భోజనాలు ఎప్పటిలాగే వాకిట్లో షామియానా కింద. ఊరూ పాలెమూ ఒకే పంక్తిలో కూర్చోవడం లక్ష్మీనారాయణ తండ్రి హయాంలో మొదలైంది. విస్తళ్ళు వేస్తుండగా నకరికల్లు వైపు నుంచి మబ్బు లేచింది. నిమిషాల్లో పట్టపగలు చీకటి కమ్మింది, గాలి షామియానాను ఎత్తి కుదేసింది, ఆ వెనకే వాన వచ్చిపడింది. ఆ రోజే వాన పడటం అంటే మాటలా? జనం కేరింతలు కొట్టారు. అన్నం గంపలూ సాంబారు గంగాళాలూ మోసుకుంటూ, పిల్లలను చంకన వేసుకుని ఊరంతా సావడిలోకి ఉరికింది. కీర్తన, ఆమె స్నేహితురాళ్ళు చకచకా విస్తళ్ళు పరిచారు. ఊరివాళ్ళు ముందొచ్చి గుమ్మం వైపు కూర్చున్నారు. వెనకొచ్చిన పాలెం వాళ్ళకు పెరటి గోడ వైపు చోటు దొరికింది. అందులో ఎవరి ఉద్దేశమూ ఏమీ లేదు.

 పైన ఇంకా అణగని పొడి మన్ను నీళ్ళు తాగుతోంది. తూములు లేవు, తాగినదంతా అక్కడే ఉంటుంది. శౌరి నడిమి బాదు వైపు చూశాడు. గాలి లోపలికి రావడం లేదు, అయినా బంతిపూల దండ ఊగుతోంది. కర్ర నడుము దగ్గర విల్లులా వంగింది. ఎవరి విస్తట్లోనో మట్టి నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

మిద్దె పడిపోతోంది, బయటికి పదండి అని అరిచాడు. కొందరు తల ఎత్తి చూశారు. ఎవరో నవ్వారు. ఇన్ని కరువులూ ఇన్ని తుఫాన్లూ చూసిన మిద్దె, ఇవాళే పడుతుందా మాస్టారూ, కూర్చోండి, అన్నం చల్లారిపోతుంది అన్నారు. వానలో తడిసిన అచ్చమ్మగారి మిద్దె ఆనందంతో కన్నీళ్ళు కారుస్తోందని ఒక ముసలమ్మ చేతులు జోడించింది. దూలం సంగతి చెప్పబోయాడు, సాంబారు సాంబారు అన్న కేకల్లో అతని గొంతు కలిసిపోయింది. చేతులు పట్టి లాగితే విదిలించుకున్నారు. అంతమందిని ఒక్కొక్కరినీ ఎప్పటికి లేపుతాడు?

ఈ జనం దేనికి లేస్తారో శౌరికి తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. దూలం విరుగుతుందంటే లేవరు.

ఎదుట ఉన్న విస్తరిని కాలితో ఎగదన్నాడు. మెతుకులు లేచి ఊరివాళ్ళ మీద పడ్డాయి. సావడి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

“మా విస్తళ్ళు ఆ గోడ మూలకు ఎందుకేశారు?” అన్నాడు శౌరి. “తూములో నుంచి పోసింది చాల్లేదా? మా తాతలు దోసిళ్ళు పట్టారని మేమూ పట్టాలా? లేవండిరా. మీ కడుపులు కాలా, ఈ ఇంట్లో మెతుకు ముట్టుకున్నోడు మా పాలెంలో పుట్టలా.”

మొదట లేచింది ప్రభు. తన బాబాయి నోట ఇన్నాళ్ళకు ఇలాంటి మాట విన్నాననే ఆవేశం వాడి ముఖంలో వెలిగింది. వాడితో పాటు పాలెం మొత్తం లేచింది, చేతులు కూడా కడుక్కోకుండా పెరటి తలుపు గుండా బయటికి నడిచింది. ఊరి పంక్తి మాత్రం నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని కొయ్యబారి కూర్చుంది. వాళ్ళు లేవడం లేదు. వాళ్ళ మధ్యలో పసిపిల్లలున్నారు. శౌరి దిక్కుతోచక లక్ష్మీనారాయణ వైపు చూశాడు.

లక్ష్మీనారాయణ ముఖం కోపంతో ఎర్రబడి ఉంది. నోరు తెరవబోయి శౌరి కళ్ళల్లోకి చూశాడు, అక్కడి నుంచి బాదు వైపు చూశాడు. ఒక్క క్షణం. అంతా అర్థమైందని శౌరికీ తెలిసిపోయింది.

అప్పుడు లక్ష్మీనారాయణ ఆ మాట అన్నాడు. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఎవరి నోటా రాని మాటను, గడపలో నిలబడి, వాన హోరును మించి వినిపించేలా, పాలేన్ని చూస్తూ రెండుసార్లు అన్నాడు. అని వెనక్కి వెనక్కి నడుస్తూ వాకిట్లోకి దిగాడు.

ఇక చూడాలి. పెరట్లో నుంచి పాలెం కుర్రాళ్ళు ఇల్లు చుట్టి వాకిట్లోకి దూసుకొచ్చారు. మా నారాయణగారి మీదికి వస్తారా అని ఊరి పంక్తి విస్తళ్ళు తొక్కుకుంటూ లేచింది. మగవాళ్ళను ఆపడానికి ఆడవాళ్ళు, ఆడవాళ్ళ వెనక పిల్లలు. సావడి ఖాళీ అయింది. వాకిట్లో బురద, కుర్చీలు, కర్రలు, బూతులు. ఎవరి రక్తం ఎవరి మీద పడుతోందో తెలియడం లేదు.

లోపల కీర్తన ఒక్కతే మిగిలింది. తండ్రినే చూస్తూ నిలబడింది.

“నాన్నా, విస్తళ్ళేసింది నేను,” అంది.

 శౌరి ఆమె చెయ్యి పట్టుకుని ఈడ్చాడు. ఆ పిల్ల రానంటూ పెనుగులాడింది. గడప దాటీ దాటకముందే వెనక కర్ర విరిగిన చప్పుడు, ఆ తరువాత ఇంకోటి. ఆ తరువాత వచ్చినదాన్ని చప్పుడు అనడానికి లేదు. కాళ్ళ కింద నేల కదిలింది. తల తిప్పి చూసేసరికి గోడలున్నాయి, మిద్దె లేదు. ఇన్ని తరాల మన్ను ఒక్కసారిగా కిందికి దిగి సావడిని కప్పేసింది. అంత వానలోనూ దుమ్ము లేచింది.

కొట్లాట ఆగిపోయింది. ఎత్తిన కర్రలు ఎత్తినట్టే ఉన్నాయి. పిల్లలను లెక్కపెట్టుకున్న తల్లులు ఏడుస్తున్నారు. ఎవరూ పోలేదు. గోరంత గాయం కూడా మిద్దె వల్ల ఎవరికీ కాలేదు. ఉన్న గాయాలన్నీ మనుషులు చేసినవే.

మూడో రోజుకల్లా బడిలో మళ్ళీ పోలీసులు దిగారు. నిజం అందరికీ చెప్పారు. శౌరి చర్చిలో నిలబడి చెప్పాడు, లక్ష్మీనారాయణ పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిలబడి చెప్పాడు. జనాన్ని బయటికి రప్పించడానికే అలా చేశామన్నారు. విన్నవాళ్ళు తలలూపారు, దండం కూడా పెట్టారు. తలకు కట్టుతో మంచం మీద పడుకున్న ప్రభు మాత్రం అంతా విని గోడ వైపు తిరిగాడు.

“మిద్దె సంగతి ఒప్పుకుంటా బాబాయ్. నలభై ఏళ్ళుగా అనలేదన్నారుగా. మరి వెతుక్కోకుండా ఎట్టా దొరికింది ఆయనకు ఆ మాట?”

ఊళ్ళో ఇంకో ప్రశ్న తిరుగుతోంది. విస్తళ్ళు ఎవరు వేశారో కూడా చూసుకోకుండా మాస్టారు అంత విషం ఎలా కక్కాడని. ఊరి పిల్లలు కొందరు బడికి రావడం మానేశారు. పాలెం కుర్రాళ్ళు మన్ను గుట్టకు ఒక వైపు, ఊరి కుర్రాళ్ళు ఇంకో వైపు పారలు పట్టుకుని కాపలా కూర్చున్నారు. మా తాతల మన్ను మేం తీసుకుపోతామని వీళ్ళు, ముట్టుకుంటే నరుకుతామని వాళ్ళు. ఏది ఎవరి మన్నో ఆ దేవుడికైనా తెలిస్తే కదా. మధ్యలో ఇద్దరు కానిస్టేబుళ్ళు గొడుగు వేసుకుని నిలబడ్డారు.

సాయంత్రం లక్ష్మీనారాయణ శౌరిని వెతుక్కుంటూ వచ్చాడు. ఇద్దరూ తలుపు లేని గుమ్మం ముందు నిలబడ్డారు. లోపల మన్ను నడుము లోతున ఉంది. చిన్నప్పటి స్నేహితుడి ముఖం శౌరికి కొత్తగా కనిపించింది. బహుశా తన ముఖమూ అతనికి అలాగే కనిపిస్తోందేమో.

“నువ్వు మొదలుపెట్టావు. వాళ్ళను లేపాలంటే నాకు ఇంకేం తోచలా శౌరీ. నిజంగా నటించా,” అన్నాడు లక్ష్మీనారాయణ.

తను అన్న మాటలను శౌరి గుర్తు చేసుకున్నాడు. వాటిలో ఒక్కదానికోసం కూడా ఆలోచించాల్సిన పని పడలేదు. వరసగా, తడబడకుండా, ఎంతో కాలంగా గొంతులోనే ఉన్నట్టు వచ్చాయి. విస్తరిని తన్నినప్పుడు భయంతో పాటు ఇంకేదో కూడా కలిగింది, అది సంతోషమని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

“నేనూ అంతే నారాయణా. నటించా,” అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు ఇద్దరూ మట్టిగుట్ట వైపే చూస్తున్నారు.